గజం బద్దకు కట్టిన ముక్క

మా మేనత్త పోయిందన్న కబురు నాకు చుట్టాల ద్వారా తెలియలేదు. గుణదలలో కాలువ గట్టు మీద రోజూ పొద్దున్నే పరిగెత్తే ఒక అమ్మాయి ఫోన్ చేసింది. నేను అప్పుడే బెంజ్ సర్కిల్ దగ్గర డ్యూటీలోకి దిగాను. "అక్కా, అత్త ఇవాళ గట్టుకి రాలేదు. మేం ఇంటికెళ్లి తలుపు కొట్టాం..." అని ఆగిపోయింది. ఆ పిల్ల ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. జ్వరమొచ్చినా, తుఫాను వానొచ్చినా గొడుగేసుకుని గట్టు మీద నిలబడే మనిషి మా అత్త. నిద్రలోనే వెళ్లిపోయిందని తర్వాత డాక్టరుగారు చెప్పారు.

ఆమె గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చున్నాను. ఆమె చదవలేదు కాబట్టి మీరైనా చదవాలి.

ఆమె మా నాన్నకి అక్క. పామర్రు దగ్గర మా ఊళ్లో మాది నేత ఇల్లు. మామయ్య పోయాక ఆమె ఒక్కతే విజయవాడ వచ్చి, బెంజ్ సర్కిల్లో ఒక జిమ్ములో ఊడ్చి తుడిచే పనికి కుదిరింది. పధ్నాలుగేళ్లు అక్కడే చేసింది. సంతకం రాదు, వేలిముద్రే. కానీ ఆ జిమ్ములో కోచ్‌లు ఎవరికి ఏ వ్యాయామం చెప్పారో, ఎవరు తప్పు చేస్తే ఎలా సరిదిద్దారో, అంతా ఆమె బుర్రలో ఉండేది. తడిగుడ్డ పెడుతూ కంటి చివర్నుంచి చూసి నేర్చుకున్న చదువు అది.

మా ఇంట్లో బడికెళ్లిన మొదటి మనిషిని నేను. డిగ్రీలో లెక్కలు చదివాను. కానిస్టేబుల్ ఉద్యోగానికి మొదటిసారి ప్రయత్నించినప్పుడు తొలి రాతపరీక్ష దాటి, పరుగులో పోయాను. పదహారు వందల మీటర్లు పదిన్నర నిమిషాల్లో పరిగెత్తాలి. నేను మూడో రౌండులోనే చతికిలబడ్డాను. మళ్లీ నోటిఫికేషన్ వచ్చినప్పుడు నాన్న, "ఇంకొక్కసారి చూడమ్మా. కాకపోతే వచ్చి మగ్గంలో కూర్చో" అన్నాడు. కోపంతో అన్న మాట కాదది. ఆయనకి చూపు తగ్గుతోంది, తెగిన పోగు కనపడటం లేదు. ఆయన చోటులో ఎవరో ఒకరు కూర్చోవాలి. నాకున్నది ఇంకొక్క పరుగు. అంతే.

ట్యూషన్లు చెప్పి దాచుకున్న మూడు వేలు పట్టుకుని గుణదలలో అత్త గదికి చేరాను. నా ఆలోచనల్లా ఆ డబ్బుతో ఆమె పనిచేసే జిమ్ములోనే చేరిపోవాలని. మర్నాడు ఆమె వెంటే వెళ్లాను. కౌంటరు దగ్గరున్న అమ్మాయి, "ఆఫర్లో నెలకి మూడు వేలు మేడమ్, షూస్ కంపల్సరీ" అంది. నేను పర్సు తీశాను. అత్త చీపురు గోడకానించి వచ్చి నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

"పిచ్చిమొహమా, నేను రోజూ తుడిచే అద్దానికి నువ్వు డబ్బు కడతావా? పరిగెత్తేటప్పుడు నీ మొహం చూసుకుంటావా?"

"అద్దం కోసం కాదత్తా, ట్రెడ్‌మిల్ కోసం."

"ఆ బెల్టు మీద ఎంత ఉరికినా ఉన్నచోటే ఉంటావే. మనింటి పక్కన కాలువుంది. దాంతోపాటు పరిగెత్తు, అదన్నా ముందుకెళ్తుంది."

ఆ రోజే ఆమె నా మూడు వేలకీ దారి చెప్పేసింది. "డబ్బు కాళ్ల కింద పెట్టు, కడుపులో పెట్టు. ఇంకెక్కడా పెట్టకు."

కాళ్ల కిందంటే బూట్లు. బీసెంట్ రోడ్డుకి సాయంత్రమే తీసుకెళ్లింది. పొద్దంతా తిరిగిన పాదం సాయంత్రానికి ఉబ్బుతుంది, అప్పుడు కొలిస్తేనే సరైన సైజు వస్తుందని ఎవరో కోచ్ అంటుంటే విందట. కొట్లో నన్ను గెంతమంది. గెంతాను. ఆ చివర్నుంచి ఈ చివరికి పరిగెత్తమంది. కొట్టతను, "అమ్మా, ఇది చెప్పుల షాపండీ, గ్రౌండ్ కాదు" అన్నాడు. "మీ బూట్లు గ్రౌండులో చిరిగితే మళ్లీ ఇక్కడికే కదా బాబూ రావాలి, మీకెందుకా శ్రమ" అంది అత్త. అతను నవ్వి ఇంకో జత తీశాడు. సగం పైన డబ్బు ఆ జతకే అయింది. మిగిలింది గుడ్లకీ, శనగలకీ, అరటిపళ్లకీ.

తక్కినవన్నీ ఇంట్లోవే. నాన్న పంపిన పాత మగ్గం తాడు నాకు స్కిప్పింగ్ తాడైంది. ఇసక నింపిన సీసాలు డంబెల్స్. మెత్తబడిన చీర మడతపెట్టి పాదాలకి పట్టీలా వేసి లాగించేది. జిమ్ములో వాళ్లు ఇంగ్లీషులో చెప్పేదాన్ని ఆమె మా భాషలోకి మార్చేసేది. "పొట్ట బిగించు. గుంట మగ్గంలో దిగి మొదటి పోగు కొట్టేటప్పుడు ఎలా బిగిస్తావు? అట్టా!" నాకు వెంటనే అర్థమయ్యేది. ఏ కోచ్ చెప్పినా అంత త్వరగా అర్థమయ్యేది కాదు.

ఇక పరుగు. దూరం కొలవడానికి అత్త దగ్గర మా తాత గజం బద్ద ఉంది. టేకుది, చేతులు తగిలి తగిలి నల్లబడిపోయింది. ఊరు వదిలేటప్పుడు ఆమె తెచ్చుకున్న పుట్టింటి ఆస్తి అదొక్కటే. దాంతో కాలువ గట్టు మీద వంగి వంగి కొలిచి, నాలుగు వందలు లెక్కపెట్టి, ఈ చివరొకటి ఆ చివరొకటి ముగ్గుపిండితో గీతలు గీసింది. అటు రెండుసార్లు, ఇటు రెండుసార్లు పరిగెడితే పదహారు వందలు. ప్రతి ఆదివారం గీతలు మళ్లీ దిద్దేది. వారం వారం నా టైం తగ్గుతూ వచ్చింది. ఒక రోజు తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు. అత్త గట్టు మీదే చప్పట్లు కొట్టింది. "ఇంక నీకు నిద్రలో లేపినా ఉద్యోగమే" అంది.

పరీక్ష ఇంకా పద్దెనిమిది రోజులుందనగా ఒక కాలేజీ గ్రౌండులో కొందరం అభ్యర్థులం కలిసి ట్రయల్ పెట్టుకున్నాం. చివరి మలుపు దాకా నేనే ముందున్నాను. అక్కడ కాళ్లు ఆగిపోయాయి. పని అయిపోయింది, ఇంటికి పోదాం అన్నట్టు ఆగిపోయాయి. ఈడ్చుకుంటూ గీత చేరేసరికి పదకొండు నిమిషాలకి దగ్గర.

ఇంటికొచ్చి గోడవైపు తిరిగి కూర్చున్నాను. అత్త మజ్జిగ గ్లాసు పక్కన పెట్టింది. "నా వల్ల కాదత్తా, ఊరెళ్లిపోతా" అన్నాను.

"ఏడుపు తర్వాత. కాళ్లు ఎక్కడ ఆగాయో చెప్పు."

"చివరి మలుపులో."

"అక్కడిదాకా?"

"అక్కడిదాకా బానే ఉంది."

ఆమె నా కాళ్ల వైపు చూసింది. "కాళ్లు అబద్ధం ఆడవే. రోజూ ఎంత చేయిస్తున్నామో అంత చేసి ఆగాయి. తప్పు కాళ్లలో లేదు, గీతలో ఉంది" అని లేచి, పక్కింటి టైలరమ్మ దగ్గర టేపు అడిగి తెచ్చింది. బద్ద నేలమీద పెట్టి, టేపు పరిచి, "చదువు" అంది.

ముప్పై ఆరు అంగుళాలు.

మీటరంటే ముప్పై తొమ్మిది పైన. ఆ సంగతి ఎనిమిదో తరగతి నుంచీ నాకు తెలుసు. కానీ మా ఇళ్లలో గుడ్డ కొలిచేవాళ్ల నోట్లో గజం, మీటరు కలిసిపోయి తిరుగుతాయి. తాత బద్దని అనుమానించాలని నాకు తోచనే లేదు. మూడంగుళాల చిల్లర చొప్పున పదహారు వందల సార్లు లెక్కేస్తే నూట ముప్పై ఏడు మీటర్లు. ఇన్ని నెలలూ నేను అంత తక్కువ పరిగెత్తాను.

"మా నాయన బద్దే నిన్ను ముంచింది కదే" అంది అత్త.

"లెక్కలు చదివింది నేను. నేను చూసుకోవాల్సింది."

"అయితే ఇద్దరం తెలివిగలవాళ్లమే" అని ముక్కు తుడుచుకుని నవ్వేసింది.

ఆ బద్దని పారేస్తుందనుకున్నాను. పారెయ్యలేదు. వెదురు ముక్క ఒకటి చెక్కి, టేపుతో సరిచూసి, బద్ద చివర నేత నూలుతో గట్టిగా చుట్టి కట్టింది. గజం బద్ద మీటరు బద్దయింది. మర్నాడు పొద్దున్నే మళ్లీ వంగి వంగి కొలిచింది. కొత్త గీత పాత గీతని దాటి, తుమ్మచెట్టు అవతల పడింది. నేను పాత గీత కాలితో చెరపబోతే వద్దంది. "ఉండనీ. దాన్ని దాటినప్పుడల్లా నీకు తెలియాలి." ఇంకో మాట కూడా ఆ రోజే అంది. "గీత మీద ఎప్పుడూ ఆగకు. దాటి పది అడుగులు వేసి ఆగు. గీత ఎవరన్నా తప్పు గీసి ఉండచ్చు."

ఆ పద్దెనిమిది రోజులూ ఆమె కొత్త గీత దగ్గర నిలబడి అరిచేది. మొదటి వారం పాత గీత దగ్గరే నా కాళ్లు బరువెక్కేవి. "అది మీ తాత గీతే! నీది ఇక్కడుంది, రా!" అని కేకేసేది. చేపలు పట్టేవాళ్లు గాలాలు వదిలేసి చూసేవాళ్లు.

పరీక్ష రోజు ఆమెని లోపలికి రానివ్వలేదు. గేటు బయట ఎండలో నిలబడింది. చివరి రౌండు చివరి మలుపులో మళ్లీ కాళ్లు అడిగాయి, చాలు కదా అని. నాకు గ్రౌండు కనపడలేదు. తుమ్మచెట్టు కనపడింది. గీత దాటాను, ఇంకో పది అడుగులు వేశాను. ఈల వేసినాయన, "అమ్మా, అయిపోయింది, ఆగు!" అని అరిచాడు. పది నిమిషాల ఏడు సెకన్లు.

గేటు దగ్గర అత్త, "దాటావా?" అంది.

"దాటి, పది అడుగులు వేశా."

ఆమె నన్ను వాటేసుకోలేదు. వంగి నా బూట్లు చూసింది. "ఇంకా బాగానే ఉన్నాయి. ఇంకొకరికి పనికొస్తాయి" అంది. తర్వాత తిన్నగా జిమ్ముకెళ్లి, చీపురు భుజాన వేసుకుని అందరికీ వినపడేలా, "మీ బెల్టు ఎక్కకుండానే మా మేనకోడలు పరుగు నెగ్గింది!" అని చెప్పిందట. కౌంటరమ్మాయే స్వీట్లు తెప్పించింది. తర్వాత చివరి రాతపరీక్షా గెలిచాను, యూనిఫామ్ వేసుకున్నాను. నాన్న ఇప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని, మనసుకి నచ్చినంతే నేస్తాడు.

ఆ బూట్లు నిజంగానే ఇంకొకమ్మాయికి వెళ్లాయి. ఆ అమ్మాయి వెంట ఇద్దరు, తర్వాత నలుగురు. ఇళ్లల్లో పనిచేసేవాళ్ల పిల్లలు, ఆటో నడిపేవాళ్ల పిల్లలు. అందరికీ ఆమె అత్తే. అందరికీ ఒకటే మాట, డబ్బు కాళ్ల కింద పెట్టు, కడుపులో పెట్టు. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు నాతో ఉద్యోగంలో ఉన్నారు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆదివారం. పొద్దున్నే బద్ద పట్టుకుని గట్టుకెళ్లాను, గీతలు దిద్దాలి కదా అని. వెళ్లేసరికి అవి దిద్దేసి ఉన్నాయి, పాతదీ కొత్తదీ. ముగ్గుపిండి ఇంకా తెల్లగా మెరుస్తోంది. ఎవరు దిద్దారని నేను అడగలేదు, గట్టు మీదున్న పిల్లలూ చెప్పలేదు. నాకు ఫోన్ చేసిన పిల్ల అటు చివర్నుంచి వస్తోంది. ముఖం ఎర్రబడింది, పిడికిళ్లు బిగించింది. పాత గీత దాటింది. తుమ్మచెట్టు దాటింది. కొత్త గీత దాటింది. ఆగలేదు. ఒకటి, రెండు, మూడు... నేను పైకే లెక్కపెట్టాను.