ఎర్ర అంకె రాని రిపోర్టు

రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టులు టైపు చేసే ఆవిడను అందరూ వదినా అనే పిలుస్తారు. అక్కడే టెక్నీషియన్‌గా ఉన్న సొంత మరిది అలా పిలుస్తుంటే మిగతావాళ్ళకూ అదే అలవాటైంది. మనిషి మంచిదే కానీ మహా పిరికిది. ప్రింటరు కాస్త గట్టిగా మూలిగినా గుండె మీద చెయ్యి వేసుకునే రకం.

ఆ ఉదయం ఆమె కంప్యూటరులో ఎప్పుడూ చూడని ఫైళ్ళు రెండు కనిపించాయి. తెరిస్తే లోపలన్నీ ఇంగ్లీషు ముక్కలు, అంకెలు. వైరసే అనుకుంది. వైరస్ రానిచ్చాడనే కదా పాత టైపిస్టును పనిలోంచి తీసేశారు! ఒక్క మాట మరిదినడిగితే సరిపోయేది. కానీ అడగడమంటేనే ఆమెకు అన్నిటికన్నా భయం. గుట్టుచప్పుడు కాకుండా రెండింటినీ డిలీట్ చేసేసి పనిలో పడింది.

మధ్యాహ్నానికి తట్టింది, పొద్దుటి నుంచి ఏ రిపోర్టులోనూ ఎర్ర అంకె రాలేదని. తేడా ఉన్న అంకె ఎర్రగా పడుతుంది; వాళ్ళ డాక్టరుగారు అదే చదువుతారు. అంతా నల్లగా ఉంటే సంతకం గీకేసి, బాగుందని చెప్పి పంపేస్తారు.

వదినకు పొద్దున తీసేసిన ఫైళ్ళు గుర్తొచ్చాయి. రీసైకిల్ బిన్‌లోంచి ఆ ఫైళ్ళను వెనక్కి తెచ్చి, ఈసారి వేలు పెట్టి ఒక్కో వరుసా చదివింది. పొటాషియం. పై హద్దు ఇంత. దాటితే రంగు ఎరుపు. కింద చక్కెర, దానికో హద్దు. అర్థం కానిదేమీ లేదందులో.

మరిది దగ్గరికి పరుగెత్తి, ఆ ఫైళ్ళేమిటని అడిగింది.

"అవి మెషీను హద్దులు వదినా. నిన్న రిపేరయ్యాక నేనే నీ కంప్యూటర్లో పెట్టాను. ఏం?"

"పొద్దున తీసేశాను. ఇప్పుడే వెనక్కి పెట్టాను."

అతను చేతిలో పని వదిలేసి లేచాడు. తిట్టే తీరిక కూడా లేకపోయింది. ఆ రోజు వెళ్ళిన రిపోర్టులన్నీ ఇద్దరూ మళ్ళీ తీశారు. ఒకదానిలో పొటాషియం ఎర్రగా వచ్చింది.

"ఇంతుంటే గుండె ఎప్పుడైనా ఆగిపోవచ్చు" అన్నాడు మరిది గొంతు తగ్గించి. "ఇలా ఇవ్వు, నేను ఫోన్ చేస్తాను."

"నేను చేసిన పని. నేనే చెప్తాను" అంది వదిన. తనే నంబరు నొక్కింది.

ఫోను ఆ రోగి భార్య ఎత్తింది. "అంతా బాగుందన్నారు కదమ్మా. ఏం వస్తుందోనని ఇన్నాళ్ళూ ఆయనకి కంటిమీద కునుకు లేదు. ఇప్పుడే నిశ్చింతగా పడుకున్నారు."

"లేపండమ్మా. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. రిపోర్టు తప్పు, తప్పు నాది. ముందు ఆయన్ని లేపండి."

అవతల ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత "ఏవండీ" అన్న పిలుపు. కాసేపాగి, ఇంకొంచెం గట్టిగా, మళ్ళీ అదే పిలుపు.