అమ్మ ‘మా ఇంటికి రండి’ అన్న రోజు

నా చిన్నప్పుడు, ఊహ తెలిసిన దగ్గర్నుంచీ, మా సామాను ట్రాక్టరెక్కని ఏడాది లేదు. నాన్న కాలవల మీద లస్కరు, లాకుల తలుపులు ఎత్తీ దించే పని. ఏ లాకుల దగ్గర డ్యూటీ వేస్తే ఆ ఊళ్ళో మా కాపురం. దివిసీమలో రెండు ఊళ్ళు, నందివాడ దగ్గర ఒకటి అయ్యాక, నా తొమ్మిదో ఏట బంటుమిల్లి వైపు వెళ్ళాం. ఈసారి నా ట్రంకుపెట్టె తాడు విప్పేది లేదని నేను భీష్మించుకున్నాను. ఎలాగూ మళ్ళీ కట్టాల్సిందే కదా అని నా కోపం.

దారిలోనే వాన పట్టుకుంది. బట్టల మూటలన్నీ తడిసిపోయాయి. సామాను దించీ దించగానే నాన్న లాకుల దగ్గరికి పరుగెత్తారు. ఇల్లు ఊడ్చి సర్దుకున్నాక అమ్మ పొయ్యి వెలిగించి ఎసరు పెట్టింది.

మా పక్కన దర్జీ పని చేసే సాయిబుగారి తాటాకిల్లు. సాయంత్రానికి దాని కప్పు ఒకవైపు కుంగి ఇల్లంతా నీళ్ళయింది. ఆయన కోడలు ఇరవై రోజుల బాలింత, నా ఈడు మనవరాలు కూడా ఉంది. అమ్మ గోనెసంచి నెత్తిన కప్పుకుని వానలోకి నడిచింది.

“అమ్మాయ్, పిల్లల్ని తీసుకుని మా ఇంటికి వచ్చెయ్. మావయ్యగారూ, మీరూ రండి.”

“మీరే ఇప్పుడు దిగారు కదమ్మా, మీకెందుకు ఇబ్బంది?” అన్నారాయన మొహమాటంగా.

“దిగి మూడు గంటలైందండీ! అన్నం కూడా ఉడుకుతోంది” అంది అమ్మ.

నేను నివ్వెరపోయాను. మూడు గంటల ఇంటిని మూడు తరాల ఇల్లన్నంత ధీమాగా పలికింది.

చంటిబిడ్డ తడిసి వణుకుతోంది. ఇంట్లో పొడిగుడ్డ లేదు. అమ్మ నా పెట్టె వంక చూసిందంతే. నేనే తాడు విప్పి, మెత్తటి పరికిణీ తీసి బిడ్డకు చుట్టాను. కప్పు నేయించుకునేదాకా, ఐదు రోజులు, వాళ్ళు మాతోనే ఉన్నారు.

తర్వాత నన్ను బళ్ళో చేర్చారు. మాస్టారు “ఏ ఊరమ్మా మీది?” అని అడిగారు. ఏ బళ్ళోనైనా నా తల వాలిపోయే ప్రశ్న అది. నేను నోరు తెరిచేలోపే సాయిబుగారి మనవరాలు లేచి, “మా ఊరేనండి, మా పక్కిల్లే!” అంది. ఆ రోజు నేను తలెత్తుకుని నిలబడ్డాను.

పెళ్ళయ్యాక గుడివాడలో, బందరులో ఎనిమిది అద్దె కొంపలు మారాను. ప్రతిచోటా సామాను దించిన పూటే ఇరుగుపొరుగును అన్నానికి పిలిచాను. ‘మా ఇంటికి రండి’ అని పిలిచాక, ఆ ఇల్లు నాది కాదని నాకు ఏనాడూ అనిపించలేదు.