అడగకుండా మార్చిన కంప్యూటర్

నాచారం చౌరస్తా దగ్గర మా గది. ఒక మూల నా జిరాక్స్ మిషన్, ఇంకో మూల స్వర్ణలత డీటీపీ. తొమ్మిదేళ్లుగా శుభలేఖలు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు తెలుగులో టైపు చేసి అత్తింటి బరువు సగం మోసేది ఆ పిల్లే. ఆ మాట వాళ్లింట్లో ఒక్కరైనా అనగా నేను వినలేదు.

2008 వేసవి, పెళ్లిళ్ల కాలం. స్వర్ణలత జ్వరంతో రెండు రోజులు రాలేదు. మూడోరోజు వచ్చేసరికి బల్లమీద తళతళలాడే కొత్త కంప్యూటర్. కాల్‌సెంటర్‌లో పనిచేసే ఆమె మరిది రమేష్ పాతదాన్ని ఉప్పల్‌లో ఎక్స్ఛేంజ్‌కిచ్చి తెచ్చాడు. ఆమెను అడిగే చేశాడనుకుని నేనూ ఊరుకున్నాను.

"వదినా, సర్‌ప్రైజ్!" అన్నాడు.

ఆమె వంగి కంప్యూటర్ వెనకవైపు చూసింది. "నా లాక్ ఏది?"

లాక్ అంటే బొటనవేలంత ముక్క. పాతరకం ప్రింటర్ పోర్టులో అది ఉంటేనే ఆమె తెలుగు సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. అది పాతదానితోపాటే పోయింది. కొత్తదానికి అసలా పోర్టే లేదు. కీసర వాళ్ల శుభలేఖ ఎల్లుండికి ఇవ్వాలి.

"గా ముక్క సంగతి నాకేం తెల్సు? ఫైళ్లన్నీ సీడీల ఎక్కించిన గద!"

"తెల్వకుంటే అడగాలె. నాకు నోరు లేదా?"

నాకు ఒళ్లు మండిపోయింది. కాల్‌సెంటర్‌లో కుర్చీ దొరికితే చాలు, లోకంలో కంప్యూటర్లన్నీ తెలిసిపోయినట్టేనా?

కొత్తదాన్ని ఆటోలో వేసుకుని ముగ్గురం ఉప్పల్ వెళ్లాం. పాతదాన్ని అప్పటికే ముక్కలుగా విప్పేశారు; దేవుడి దయ, షాపులో వైర్ల డబ్బాలో లాక్ దొరికింది. ఓనరు కనకరాజు ఆమెవైపు చూడనైనా చూడకుండా, "రమేషన్నా, మేడమ్‌కు రీఫర్బిష్‌డ్‌ది ఇస్త. గా పోర్టు ఉంటది," అన్నాడు.

"నన్ను జూసి మాట్లాడన్నా. దాని ముందట కూసునేది నేను. ఎవరో వాడి పడేసింది సీజన్ల ఆగిపోతే శుభలేఖలు నువ్వు కొడ్తవా? ఈ కొత్తది వాపస్ తీస్కో. మదర్‌బోర్డులు చూపియ్యి."

నాలుగు బోర్డులు తిప్పి చూసి, పోర్టున్నది ఏరింది. ర్యామ్, హార్డ్‌డిస్క్, క్యాబినెట్ అన్నీ తనే చెప్పింది. చెప్పిన ప్రతిదానికీ కనకరాజు రమేష్ ముఖం చూస్తాడు, రమేష్ నేల చూస్తాడు. సిగ్గుండాలి ఇద్దరికీ!

బిగించడం రేపటికి గానీ కుదరదన్నాడు కనకరాజు. "స్క్రూడ్రైవర్ ఇటియ్యి," అని స్వర్ణలత కింద కూర్చుంది. పాతదాన్ని ఎన్నిసార్లు విప్పి దుమ్ము దులిపిందో నాకు తెలుసు. రెండు గంటల్లో తెరమీద తెలుగు అక్షరాలు పడ్డాయి.

కనకరాజు బిల్లుబుక్కు తీశాడు. రమేష్ వైపే తిరిగి, "మహిపాలన్న పేరు మీద రాయాల్నా?" అన్నాడు. మహిపాల్ ఆమె భర్త.

స్వర్ణలత స్క్రూడ్రైవర్ పట్టుకునే లేచి నిలబడింది.

"నా పేరు మీద రాయి. పేరేందో నన్నడుగు."