సముద్రం మీద నుంచి మళ్లిన విమానం

కరోనాకు ముందటి ఏడాది. గల్ఫ్‌లో ఒక ఆసుపత్రిలో నేను వార్డ్‌బాయ్‌ని. మాది భీమ్‌గల్. చదువు మూడో తరగతితోనే ఆగినా, మా జిల్లా రోగులను ఇంటికి చేర్చే పని నాకే పడేది. మంచం పట్టినవాళ్ల కోసం విమానంలో వెనక సీట్లు మడిచి, వాటి మీద స్ట్రెచర్ బిగిస్తారు. పక్కన ఒక మనిషి కూర్చోవాలి. రోగి ప్రయాణానికి తట్టుకుంటాడని డాక్టర్ రాసిచ్చే 'ఫిట్ టు ఫ్లై' కాగితం లేకపోతే ఎక్కనివ్వరు.

ఆసారి నా వెంట వచ్చింది సాయిలన్న. బోధన్ పక్క ఊరు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు బండి అమ్ముకుని ఎడారికి వచ్చినవాడు. కాలేయం పాడైంది, ఇక చేసేదేమీ లేదన్నారు డాక్టర్లు. పెంచిన అక్క లచ్చవ్వ ఒక్కతే ఆయనకు దిక్కు. మా వైపు ప్రాణం పోయేటప్పుడు అయినవాళ్లు నోట్లో నీళ్లు పోస్తారు. అక్క చేతి నీళ్లు తాగి పోవాలని ఆయన కోరిక. అందుకే విమానం ఎక్కినప్పటి నుంచి నా చేతి చెంచా ముట్టలేదు. పెదవులన్నా తడుపుకోమని బతిమాలాను.

"వద్దు తమ్మీ. పండుకున్నోని నోట్ల పరాయోడు నీళ్లు పోసిండంటే ఇగ పోయినట్టే. బోధన్ దాంక ఆగుత. నువ్వు తాగు, నీ మొఖమే నాకన్న ఎక్కువ ఎండింది."

సముద్రం మీదికి వచ్చాక కిటికీ పక్కన కూర్చున్నవాళ్లలో అలజడి. ఎడమ రెక్క వెనక తెల్లటి చార కనబడుతోంది. కాసేపటికి పైలట్ మైకులో చెప్పాడు, ఎడమ ఇంజన్ దగ్గర ఫ్యూయల్ లీక్ అయిందని, అంటే ఇంధనం కారిపోతోందని. ఆ ఇంజన్ ఆపేసి, రెండోదానితో వెనక్కి పోయి దగ్గరి ఊళ్లో దిగుతామన్నాడు. రెండు రెక్కల్లోని ట్యాంకులను కలిపే 'క్రాస్‌ఫీడ్' అనే దారి ఉంటుందట. లీకు ఉండగా అది తెరిస్తే మంచి వైపు ఇంధనమూ కారిపోతుందట. దిగాక ఎయిర్‌హోస్టెస్ చెబితే తెలిసింది. పైలట్ దాన్ని మూసే ఉంచాడు కాబట్టే అందరం బతికాం.

విమానం ఒరిగి తిరగడం సాయిలన్నకు పడుకునే తెలిసిపోయింది.

"ఎన్కకు పోతున్నమా తమ్మీ?"

అవునన్నాను, ఇంకో విమానంలో తీసుకుపోతారన్నాను.

"చెరుకు బండి ఎడ్లు నడితొవ్వల మల్లినయంటె, ఇగ ఆ దినం ఫ్యాక్టరీ చేరయి."

క్షేమంగానే దిగాం. మిగతావాళ్లను వేరే విమానం ఎక్కించారు. ఎయిర్‌పోర్ట్ డాక్టర్ సాయిలన్న నాడి చూసి, కొత్త కాగితం రాయనన్నాడు. ఆయన తప్పూ లేదు, నాడి అప్పటికే అందడం లేదు. అక్కడి ఆసుపత్రిలో పడుకోబెట్టారు. లచ్చవ్వకు ఫోన్ కలిపి సాయిలన్న చెవి దగ్గర పెట్టాను.

"తాగు తమ్మీ. ఆ పిలగాని చెయ్యి నా చెయ్యే అనుకో" అంటోంది ఆమె.

ఆయన తల అడ్డంగా ఊపాడు. అదే ఆఖరు. తర్వాత నేను పోసిన నీళ్లు పెదవి మూల నుంచి దిండు మీదికి జారిపోయాయి.

"తాగిండా కొడకా?" ఫోన్‌లో అడిగింది.

"లోపలికి పోలే అవ్వా."

ఆమె ఏడవలేదు. ఫోన్ పెట్టేయనూ లేదు.

ఆ తర్వాత ఎవరిని తీసుకొచ్చినా, ఊరు చేరేదాకా ఇంటివాళ్లకు 'తీసుకొస్తున్నా' అని చెప్పలేదు. ఎవరూ ఏ తప్పూ చేయకుండానే ఒక మనిషి ఇల్లు చేరకుండా పోవచ్చు. ఇన్నేళ్ల పనిలో నేను నేర్చుకున్నది ఇదే. నేర్చుకుని ఎవరికీ ఒరిగిందేమీ లేదు.