వెంటిలేటర్ కింది బెంచీ

అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు పోయే రోడ్డు వెనక, కోచింగ్ సెంటర్ల బోర్డుల చాటున ఒక పాత మూడంతస్తుల బిల్డింగ్ ఉంది. సిరిసిల్ల నుంచి బతకొచ్చిన దర్జీలు, నేతపనివాళ్లు సంఘం పెట్టుకుని నెలనెలా పోగేసి కట్టుకున్నది. దాన్ని నిలబెట్టినవాడు రాజనర్సు. ఇది ఆయన చెప్పుకునే మాటే కాదు, అందరూ ఒప్పుకునే మాట. ఊరి బడిలో ఐదో తరగతి దాటని మనిషి, సహకార శాఖ అధికారుల ముందు కూర్చుని సంఘం నియమాలు తడుముకోకుండా చదివి వినిపించాడు. బోరు వేయించాడు. మంజీరా నీళ్లు తెప్పించాడు. మీటింగ్ గదిలో ఉక్కపోస్తోందంటే గోడకు వెంటిలేటర్ పెట్టించాడు. దాని కిందనే బయట షాబాదు బండతో బెంచీ వేయించాడు.

ఆ బెంచీకి ఒక పని ఉంది. సంఘంలో ఎవరు ఇల్లు అమ్మాలన్నా సభ్యులు ఒప్పుకోవాలి. వాళ్లు లోపల మాట్లాడుకున్నంతసేపూ అమ్మేవాళ్లు, కొనేవాళ్లు బెంచీ మీద కూర్చోవాలి. ఒప్పుకుంటే లోపలి నుంచి చాయ్ వస్తుంది. రాకపోతే లేచి పోవాలి. మొహం మీద వద్దని చెప్పి ఎవరి మనసూ నొప్పించకూడదని ఈ పద్ధతి పెట్టిందీ రాజనర్సే. చేసిన పనులన్నిటిలో ఆయనకు ఇదే గొప్పగా తోచేది.

ఇప్పుడు ఆయనే ఇల్లు అమ్ముకోవలసి వచ్చింది. ఒక్క బెడ్‌రూమ్ ఇల్లు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. భార్య కాంతవ్వ పోయి ఏళ్లయింది. మోకాళ్లు మొరాయించాయి. ఎర్రగడ్డలో బిడ్డ బిందు కింది పోర్షన్‌లో ఆయనకో గది సర్ది పెట్టింది.

కొనడానికి ఇద్దరు వచ్చారు. ఒకాయన ఎస్.ఆర్. నగర్‌లో హాస్టళ్లు నడుపుతాడు. వంటింట్లో కూడా మంచాలు పడతాయేమోనని టేపు పట్టి కొలిచాడు. రెండో మనిషి సుమశ్రీ. పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో నర్సు. రాజమండ్రి వైపు నుంచి వచ్చి ఏళ్ల తరబడి హాస్టల్ కూడే తింటోంది. ఆమె వంటింటి కిటికీ దగ్గర చాలాసేపు నిలబడి, ఇక్కడ అన్నం వండుకోవచ్చు అని తనలో తాను అనుకున్నట్టు అంది. రాజనర్సు అక్కడికక్కడే మాట ఇచ్చేశాడు. కానీ హాస్టలాయన సంసారం ఉన్నవాడు, సంఘంలో అడ్డు చెప్పేవాళ్లు లేరు. సుమశ్రీ పెళ్లి చేసుకోలేదు. ఈమెను కాదంటే ఇల్లు ఆయన మంచాల పాలవుతుంది.

ఆదివారం పొద్దున సభ్యులు లోపలికి పోయారు. రాజనర్సు మొట్టమొదటిసారి ఆ బెంచీ మీద కూర్చున్నాడు, పక్కన సుమశ్రీ. చాయ్ వస్తది, ఫికర్ పెట్టుకోకు అని ధైర్యం చెప్పబోతుండగా నెత్తి మీది వెంటిలేటర్‌లోంచి దినేశ్ గొంతు దిగింది. దినేశ్ ఇప్పటి అధ్యక్షుడు, రాజనర్సు కళ్ల ముందు పెరిగినవాడు.

"ఒంటరి ఆడమనిషి. నైట్ డ్యూటీలంటది. ఎప్పుడొస్తదో, ఎవరితోని వస్తదో. రేపు ఏమన్నయితే జవాబెవరు చెప్తరు?"

ఎవరో నవ్వారు. ఆ నవ్వు కూడా పక్కన కూర్చుని నవ్వినంత స్పష్టంగా వినబడింది.

సుమశ్రీ బ్యాగు జిప్పు తీస్తూ వేస్తూ ఉంది. "నాకిది అలవాటేనండీ బాబాయ్ గారూ," అంది మెల్లగా.

అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్నన్నేళ్లూ లోపలి మాటలు బెంచీ దాకా వినబడతాయని రాజనర్సుకు తెలియలేదు. ఒకప్పుడు ఇక్కడ ఇల్లు కొనడానికి వచ్చిన సీతాబాయి అనే టీచరమ్మ గుర్తొచ్చింది. భర్త వదిలేసిన మనిషి. ఆ రోజు లోపల ఆమె గురించి అందరికంటే ఎక్కువ మాట్లాడింది తనే. బయటికి వచ్చి చూస్తే బెంచీ ఖాళీ. చాయ్ వస్తుందో రాదో చూడకుండానే పోయింది, ఏం తొందరమనిషి అనుకున్నాడు.

గోడ పట్టుకుని లేచాడు. "నడువమ్మా, లోపలికి పోదాం."

"మనం వెళ్లకూడదు కదండీ?"

"పోవద్దని పెట్టింది నేనే."

తలుపు తెరుచుకోగానే మాటలు ఆగిపోయాయి. రాజనర్సు ఆమెను ముందు కుర్చీలో కూర్చోబెట్టి తాను నిలబడ్డాడు. మీటింగుల్లో ఎప్పుడూ తాను బోరు వేయించిన కథతో మొదలుపెట్టే మనిషి, ఈసారి ఆ ఊసే ఎత్తలేదు.

"దినేశూ, మీరన్నయన్నీ బయటికి ఇనవడ్డయి బిడ్డా. గదే మాట ఇప్పుడు ఆమె మొహం చూసి అను."

దినేశ్ తల వంచుకున్నాడు. ఇందాక నవ్విన మనిషి ఫోన్ తీశాడు. చివరికి రెండో అంతస్తు నాగేశ్వరి నోరు విప్పింది.

"ఒంటరోళ్లకు ఇల్లు లేదంటే, కాంతవ్వ పోయిన్నాడే గీ పెద్దనాయినను సుత ఎల్లగొట్టాల్సింది గదా మనం."

ముందు దినేశే ఒప్పుకుంటున్నట్టు చెయ్యెత్తాడు. ఒక్కటొక్కటిగా మిగతా చేతులూ లేచాయి. నాగేశ్వరి లేచి స్టవ్ వెలిగించింది. మొదటి గ్లాసు సుమశ్రీకి ఇచ్చింది, రెండోది రాజనర్సుకు. మీగడ కట్టేదాకా ఆయన దాన్ని అలా పట్టుకునే ఉన్నాడు.

ఎర్రగడ్డలో కొత్త ఇరుగుపొరుగుకు రాజనర్సు ఇప్పటికీ తన పనులన్నీ చెబుతాడు. అధికారుల ముందు నియమాలు చదవడం, బోరు, మంజీరా నీళ్లు, అన్నీ వరసగా. బెంచీ మాట మాత్రం ఎత్తడు.