చెంగమ్మ పెద్దమ్మ పాటకు ఒక ‘జారు’ పెట్టె: పాపిరెడ్డిపట్టి ప్రయాణం

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా, ఎవరైనా ఉచితంగా వాడుకుని మార్చుకోగల ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు పనిచేస్తుంటాను. అందులో ప్రోగ్రామును వాక్యాలుగా రాయనక్కర్లేదు. తెర మీద చిన్న చిన్న పెట్టెలు పెట్టి, వాటిని గీతలతో కలిపితే శబ్దం పుడుతుంది. కావలసిన పెట్టె లేకపోతే మనమే తయారుచేసి అందరికీ ఇవ్వొచ్చు. దాని చర్చావేదికలో ఒకరోజు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కనబడి ఉలిక్కిపడ్డాను: “రొంతసేపు బాగుండాది, మళ్ళ గరగరమని నిలిచిపోతాది. శుక్రవారం నలుగు. మా పెద్దమ్మ పాడల్ల.”

రాసినమ్మాయి రేవతి. తమిళనాడులో ధర్మపురి దగ్గరి పాపిరెడ్డిపట్టిలో కంప్యూటర్లు బాగుచేసే అంగడి నడుపుతోంది. ఆమె పెద్దమ్మ చెంగమ్మ లేనిదే ఆ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో నలుగు పాటలు ఉండేవి కావట. గొంతు ఆపరేషన్ తర్వాత ఆమెకు మాట పోయింది. రేవతి పాత పెళ్లి వీడియోల్లోంచి పెద్దమ్మ తీసిన “ఆ” అనే రాగాన్ని కత్తిరించి, బొమ్మలు గీసుకునే ఎలక్ట్రానిక్ పలకకు కలిపింది. పెన్ను కుడికి జరిపితే స్వరం పైకి పోతుంది, గట్టిగా నొక్కితే పెద్దదవుతుంది. ఈసారి పెళ్లి చెంగమ్మ సొంత కూతురు దివ్యది. రేవతి పంపిన ఫైలు నా దగ్గర చక్కగా పనిచేసింది, అక్కడ మాత్రం ఆగిపోతోంది. ఇక లాభం లేదనుకుని శుక్రవారం సెలవు పెట్టాను.

పొద్దున్నే ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర సేలం బస్సు ఎక్కితే హోసూరు, కృష్ణగిరి మీదుగా ధర్మపురికి మూడు గంటల ప్రయాణం. టికెట్టు రెండు వందల లోపే. బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, బొమ్మిడి వైపు వెళ్లే ప్రైవేటు బస్సు పట్టుకున్నాను. నేను ఫోనులో రేవతితో మాట్లాడుతుంటే విని కండక్టరు తమిళం మానేసి తెలుగులోకి దిగాడు.

“పాపిరెడ్డిపట్టికామ్మా? మల్లాపురంలో దిగి బస్సు మారల్ల. కల్యాణానికా?”

“అవునన్నా. మీరు తెలుగువాళ్లా?”

“ఇంట్లో తెలుగే. చదివేకి రాదు, అంతే!” అని నవ్వి, మల్లాపురంలో నా సంచి తనే దింపి, ఎదురుగా కదలబోతున్న టౌన్ బస్సును ఈల వేసి ఆపాడు. పదకొండు కాకముందే రేవతి అంగడిలో ఉన్నాను.

అంగడి వెనకున్న ఇంట్లో చెంగమ్మ ముందు నాకు సంగటి పెట్టించింది. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని, నా కంచంలోకీ, గోడ గడియారంలోకీ మార్చి మార్చి చూసింది. రేవతి నవ్వి, “సీక్రం తినమంటాది అక్కా,” అంది.

సౌండ్ కార్డు అమరికలు మార్చాను. కేబుల్ మార్చాను. నేను పెన్ను జరిపితే ఎంతసేపైనా పాడుతోంది. చెంగమ్మ పట్టుకుంటే రెండు చరణాలకే గరగర, ఆ తర్వాత నిశ్శబ్దం. మధ్యాహ్నానికి నాకు చెమటలు పట్టాయి. చెంగమ్మ పెన్ను పక్కన పెట్టి లేచింది.

“వద్దంటాది. దివ్య ముందర నిలిచిపోతే బాగుండదంటాది,” అంది రేవతి.

“పెద్దమ్మా, ఇంకొక్కసారి. మీకెట్లా ఇష్టమో అట్లా పాడండి, నేను ముట్టుకోను,” అని బతిమాలాను.

ఆమె కూర్చుంది. ఈసారి తెర కాకుండా ఆమె చేతిని చూశాను. నేను పెన్నును మెల్లగా ఎత్తుతాను. ఆమె చరణం చివర చటుక్కున తెంపేస్తోంది. అంత వేగంగా ఎత్తినప్పుడు ‘పెన్ను లేచింది’ అనే కబురును పలక పంపడం లేదు! పాత స్వరం ఆగకుండానే కొత్తది మొదలవుతోంది. ఒకదాని మీద ఒకటి పేరుకుని కంప్యూటర్‌కు ఊపిరాడటం లేదు. “దొరికింది!” అని కేక పెట్టాను. పలక నుంచి కాసేపు ఏ కబురూ రాకపోతే స్వరాన్ని తానే ఆపేసే చిన్న టైమర్ పెట్టెను మధ్యలో కలిపాను. చెంగమ్మ నాలుగు పాటలు వరసగా పాడింది. గరగర లేదు.

అయినా ఆమె తల అడ్డంగా ఊపి, గాలిలో వేలితో వంపు గీసింది. “మెట్లు మెట్లుగా పోతాదంట. జారల్లంట,” అంది రేవతి. అప్పటికి నాకు హుషారు తలకెక్కింది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి చేతి వేగాన్నిబట్టి జారే కొత్త పెట్టెను అక్కడే రాశాను. రేవతి దానికి ‘జారు’ అని పేరు పెట్టింది. తొలిసారి ఆ “ఆ” వంపు తిరిగినప్పుడు చెంగమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

సాయంత్రం మండపంలో దివ్యనూ పెళ్లికొడుకునూ ఎదురెదురుగా కూర్చోబెట్టి నలుగు మొదలుపెట్టారు. చెంగమ్మ ఒళ్లో పలక. మొదటి రాగం లేవగానే ఆడవాళ్లంతా అటు తిరిగారు. దివ్య చేతిలో పసుపు గిన్నెతో అలాగే ఉండిపోయింది, కళ్లలో నీళ్లు. రెండో పాటకు చెంగమ్మ కళ్లు కొంటెగా మెరిశాయి. పెళ్లికొడుకు వైపు తిరిగి, చివర్న చటుక్కున తెగే చిన్న వరస వాయించింది. మాటల్లేవు, ఒక్క “ఆ” మాత్రమే. కానీ అది పెళ్లికొడుకును ఆటపట్టించే ఏ ఎకసెక్కెం పాటో అక్కడి ఆడవాళ్లందరికీ తెలుసు. మండపమంతా గొల్లున నవ్వింది. పెళ్లికొడుకు ముఖం ఎర్రబడింది. అతని మేనత్త కొంగు బిగించి లేచి, “ఇంతకాలానికి నోరు తెరిచినావా చెంగమ్మా! ఇదో, నా జవాబు విను,” అని ఎదురుపాట అందుకుంది.

ఇన్నేళ్లూ నేను తయారుచేసిన పెట్టెలు ఎవరి చేతుల్లో ఏమవుతున్నాయో నాకు తెలిసేది కాదు. తప్పు దొరికితే సరిచేయడం, ముందుకు పోవడం, అంతే. ఆ సాయంత్రం మాత్రం, నేను రాసిన నాలుగు గీతల గుండా ఒకామె తన వియ్యాలవారితో పాటల పోట్లాటకు దిగడం చూశాను. ‘జారు’ ఇప్పుడు అందరికీ ఉచితంగా దొరుకుతోంది; వాడుక వివరాలు రేవతి రాసింది. మీరూ ఇలాంటి పని మీద అటు వెళ్తే ఒక్క సలహా: సాఫ్ట్‌వేర్‌నూ, దానికి కావలసిన అదనపు పెట్టెలన్నిటినీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లండి. ఆ ఊరి దగ్గరి చిత్తేరి కొండల వైపు సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, పాట దానికోసం ఆగదు.