చంద్రవతి దూది వత్తి

సబేటో హెల్త్ సెంటరు వరండాలో, అందరం చూస్తుండగా, చంద్రవతి ఒక దూది వత్తిని డాక్టరు ముక్కు కింద పెట్టింది.

"వాసన చూడండి సాబ్. మీ కాగితంలో లేనిది ఇందులో ఉంది."

మా ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన పదమూడో ఏడు అది. చెవుల పరిశోధన అంటూ రాజధాని సువా నుంచి సతేంద్ర అనే కుర్ర డాక్టరు దిగాడు. చెరకు తోటల ఇళ్లలో చెవిలో చీము కారే పిల్లలను అరవై మందిని పోగుచేసి రెండు జట్లు కట్టాడు. ఒక జట్టుకు దూది వత్తితో చెవి తుడిచి ఆరబెట్టడం. రెండో జట్టుకు అది చేశాక చుక్కల మందు కూడా. ఆరు వారాలు గడిచినా ఏ జట్టులోనూ చీము ఆగలేదు. తల్లులు సోమరులు, వత్తులు పెట్టడం లేదు అని రాసేసుకున్నాడు మహానుభావుడు.

వత్తి చుట్టడం ఆ తల్లులకు నేర్పింది చంద్రవతి. అందుకే ఆమెకు ఒళ్లు మండింది. వత్తులు పెడుతున్నారు, పెట్టాక పైనుంచి నూనె పోస్తున్నారు, అసలు సంగతి అదీ అంది. నూనె గురించి ఇంటింటా అడిగాననీ, అందరూ లేదన్నారనీ డాక్టరు కాగితాల కట్ట ఆడించాడు.

"గుమ్మంలో బూట్లతో నిలబడి, తిట్టడానికి వచ్చినవాడిలా అడిగితే ఎవరు చెప్తారు సాబ్?"

వత్తిలోంచి వెల్లుల్లి వేసి కాచిన కొబ్బరినూనె వాసన గుప్పుమంది.  శనివారం తల్లులందరినీ పిలిపించమని, మళ్లీ అడగడానికి డాక్టరు ఒప్పుకున్నాడు. చదువుకున్నవాడు ఓడిపోవడం నాకు భలే ముచ్చటగా ఉండేదే, ఆ వత్తి నా మనవరాలు కుసుమ్ చెవిలోది కాకపోతే.

చంద్రవతి నర్సేమీ కాదు. ఊడ్చే పనికి చేరిన మనిషి. చిన్నప్పుడే చీము పట్టి ఎడమ చెవి పోయింది. వినబడక జవాబు చెప్పకపోతే స్కూల్లో మొద్దు అన్నారు, నాలుగో క్లాసులోనే మానిపించారు. ఆ మొద్దే చీపురు పట్టుకుని నర్సు చేతులు చూసి చూసి పని పట్టేసింది. పదేళ్లు తిరిగేసరికి చెవి చీము పిల్లలను నర్సు ఆమెకే వదిలేసేది. ఎవరైనా ఎడమ పక్కన నిలబడి మాట్లాడితే, "ఇటు రా, అటు ఇంట్లో ఎవరూ లేరు" అనేది. పెళ్లిచూపుల్లో చెవి సంగతి దాచమని తల్లి బతిమాలితే, కూర్చోగానే తనే చెప్పేసింది. ఇద్దరు లేచిపోయారు. మూడోవాడు సుబ్రమణి, లారీ డ్రైవరు. ఇంజను మోతకు తనకూ సగమే వినబడుతుందని చెప్పి ఆమెను కట్టుకున్నాడు.

వరండా గొడవ జరిగిన సాయంత్రమే మా ఇంటికి వచ్చింది. ఆమె నోరు తెరవకముందే నేను అందుకున్నాను. మా అమ్మ నూనె పోసింది, అత్త పోసింది, నా చెవులకేం కొదవ అన్నాను. నీకు ఎప్పుడైనా చీము కారిందా అని అడిగింది. లేదన్నాను.

"నీ చెవి తెర బాగుంది అక్కా, పోసిన నూనె బయటికొచ్చేస్తుంది. కుసుమ్‌ది చిల్లు పడింది. లోపలికి దిగుతుంది. మా అమ్మ కూడా నాకు ప్రేమగానే పోసింది."

 అప్పటికే టీచరు పిలిస్తే కుసుమ్ పలకడం మానేసింది. రిపోర్టు ఇలాగే సువా వెళితే చుక్కల మందు దండగని తేలిపోతుందట. ఇక ఏ పిల్లకూ ఇవ్వరట. నిజం బయటపడితే, నూనె మాన్పించి ఇంకో ఆరు వారాలు చూస్తారట.

"వత్తి ఎవరిదో నేను చెప్పలేదు, చెప్పను. కానీ మీరందరూ మళ్లీ నహీ నహీ అంటే ఆ రిపోర్టంతా ఝూట్ అయిపోతుంది. శనివారం ఆయన అడగ్గానే ముందు నువ్వు లేవాలి. నువ్వు లేస్తే మిగతావాళ్లు లేస్తారు. నేను పోశాను, ఇక పొయ్యను అని చెప్పు. దొంగలా తల దించుకుని కాదు వెంకటమ్మక్కా, రోజూ నాతో పోట్లాడతావు చూడు, ఆ గొంతుతో చెప్పు."